మాటల కిందున్న సంగీతం

కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో కడప ఏడురోడ్ల కూడలిలోనో కాసేపు నిలబడితే ఎవరి జేబులోనో ఫోను మోగుతుంది. అది పాట కాదు. పల్లవి ఉండదు, పాడేవాళ్ళు ఉండరు. ఒక డ్రమ్ము దెబ్బ, దాని వెనకే వయొలిన్లన్నీ ఒక్కసారిగా పైకి లేవడం, నడుమ కోరస్ గొంతుల కేక. పది సెకన్లు మోగేసరికి ఫోను ఎత్తేస్తారు. అది ఏ సినిమాలో ఏ సీనుదో పక్కనున్న నలుగురికీ చెప్పే పనిలేదు. పెళ్ళి వీడియోలో పెళ్ళికొడుకు కారు దిగేటప్పుడు అదే వేస్తారు, కాలేజీ వార్షికోత్సవంలో కుర్రాళ్ళు స్టేజీ ఎక్కేటప్పుడు అదే, ఎన్నికల ఊరేగింపు వీడియో మీదా అదే. ఇంతమందికి ఇంత బాగా తెలిసిన సంగీతాన్ని అంగట్లో అడిగి తెచ్చుకునే దారి లేకపోవడం నన్ను చాన్నాళ్ళుగా వేధిస్తున్న విషయం. పాటైతే మొదటి ముక్క పాడి అడుగుతాం. దీన్నెలా అడగాలి? "బురుజు కాడ కొట్టేటప్పుడు వస్తాది సూడు, ఆ మ్యూజిక్కు" అని సీను చెప్పి అడగాలి. 'ఒక్కడు' 2003 సంక్రాంతికి వచ్చింది. కర్నూలు కొండారెడ్డి బురుజు అనగానే తెలుగునాట చాలామందికి ఇప్పటికీ ఆ సీనే గుర్తొస్తుంది, సీనుతో పాటు మణిశర్మ సంగీతమూ గుర్తొస్తుంది. అప్పట్లో అమ్మిన క్యాసెట్‌లో మాత్రం పాటలే ఉన్నాయి. సినిమాను నిలబెట్టిన సంగీతం సినిమా పేరుతో అమ్మే క్యాసెట్‌లో ఎందుకు లేదు? లేకపోతే పోయిందేమిటి? నాకు రెండో ప్రశ్నే ముఖ్యం. కానీ మొదటిది దాటకుండా దాని దగ్గరికి పోలేం.

బయటి దేశాల్లో ఈ సంగీతాన్ని వెదికి వెదికి కొనేవాళ్ళ తెగ ఒకటుంది. 1942 నాటి 'జంగిల్ బుక్' సినిమాకు మిక్లోస్ రోజా రాసిన వాద్యసంగీతాన్ని ఆ కాలంలోనే 78 రికార్డుల మీద ఆల్బంగా వేశారు. హాలీవుడ్ నేపథ్య సంగీతం అలా అంగట్లోకి రావడానికి దాన్నే మొదలుగా చెప్తుంటారు. అందులో కథ చెప్పే గొంతు మైసూరు ఏనుగుల శాల నుంచి హాలీవుడ్‌కు పోయిన మన సాబూది. అంటే సంగీతాన్ని ఒంటరిగా పంపడానికి అక్కడా జంకారనే అనుకోవాలి, తోడుకు ఓ మాటల మనిషిని పంపారు. 1977లో 'స్టార్ వార్స్' వచ్చేనాటికి ఆ జంకు పోయింది. జాన్ విలియమ్స్ సంగీతం రెండు ఎల్పీల ఆల్బంగా వచ్చి, పాటా మాటా ఏదీ లేకుండానే విపరీతంగా అమ్ముడయింది. ఇప్పుడు ఇంట్రాడా, లా-లా ల్యాండ్, వరేజ్ సారాబాండ్ లాంటి కంపెనీలు ఈ పనిమీదే బతుకుతున్నాయి. స్టూడియో గోదాముల్లో పడివున్న పాత టేపులు వెలికితీసి, శుభ్రంచేసి, ఏ రెండువేల కాపీలో మూడువేల కాపీలో వేస్తాయి. అలాంటి డిస్కు ఒకటి చేతికొస్తే అందులో ట్రాకులు సినిమా నడిచిన వరుసలో ఉంటాయి. ప్రతిదానికీ ఒక పేరుంటుంది. దర్శకుడు వద్దని తీసేయించిన ముక్కలు చివర విడిగా ఉంటాయి. లోపలి చిన్న పుస్తకంలో ఏ ముక్క ఎన్ని నిమిషాలు, ఎవరు వాద్యగోష్ఠికి తీర్చారు, కొన్నిసార్లు ఎవరెవరు వాయించారు అన్నదాకా అచ్చేస్తారు. ఈ సేకర్తల్లో పిచ్చి లేదనను. సీలు విప్పకుండా బీరువాలో పెట్టి, కాపీలు అయిపోయాక నాలుగింతలకు అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. అయినా వాళ్ళ పిచ్చి పుణ్యాన ఆ సంగీతానికి ఒక జాబితా ఏర్పడింది. జాబితా ఉంటే వాదించుకోవచ్చు, ఇది గొప్పది, ఇది కాపీ, ఇది పనికిమాలినది అని తేల్చుకోవచ్చు. మనకు ఆ వాదన మొదలుపెట్టడానికే సరుకు లేదు.

ఎందుకు లేదంటే, మనవాళ్ళకు సంగీతమంటే పాటే, మాట లేనిది రుచించదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకా జవాబు మీద నమ్మకం లేదు. సన్నాయి మాట లేకుండానే తరతరాలుగా మన పెళ్ళిళ్ళు నడిపిస్తోంది. కారణాలు జనం రుచిలో కంటే సరుకులోనూ, క్యాలెండరులోనూ ఉన్నాయి. 78 రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు మోగుతుంది. అందులో పాట పట్టడమే గగనం. సినిమాలో నిడివి ఎక్కువున్న పాటను రికార్డు కోసం కుదించేవాళ్ళు. గ్రామఫోను రికార్డులు వేలకొద్దీ కూడబెట్టి వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగిన వి.ఎ.కె. రంగారావు లాంటి సేకర్త మనకున్నా, కంపెనీ వేసినదాన్నే కదా ఎవరైనా సేకరించగలిగేది! ఎల్పీలూ క్యాసెట్లూ వచ్చాక చోటు పెరిగింది. కానీ వ్యాపారం అప్పటికే ఇంకో రకంగా కుదురుకుంది. పాటల క్యాసెట్ సినిమాకంటే ముందు రావాలి, ఊరూరా మోగాలి, జనాన్ని హాలుకు రప్పించాలి. నేపథ్య సంగీతం కట్టే రీరికార్డింగ్ జరిగేదేమో ఎడిటింగ్ అయ్యాక, విడుదల తేదీ నెత్తిమీదికొచ్చాక. క్యాసెట్ అంగట్లో దిగే రోజుకు నేపథ్య సంగీతం ఇంకా పుట్టనే లేదు. అది పుట్టి, సినిమా ఆడి, బాక్సులు వెనక్కి పోయాక మళ్ళీ రెండో క్యాసెట్ వేద్దామని ఏ నిర్మాతకు తోస్తుంది? జనం వద్దన్నారనడం అన్యాయం. జనాన్ని ఎవరూ అడగలేదు.

అడక్కపోయినా జనం ఆ సంగీతాన్ని ఇంటికి తెచ్చుకోలేదా అంటే, తెచ్చుకున్నారు, మాటల చాటున. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రోజులు గుర్తున్న తరం ఇంకా ఉంది. మూడు గంటల సినిమాను గంటకు కోసి, బొమ్మ లేకుండా ఒట్టి శబ్దాన్ని వినిపించేవాళ్ళు. సినిమాహాలు పది మైళ్ళ దూరమున్న పల్లెకు అదే సినిమా. ఆ తరవాత మాటల క్యాసెట్లు వచ్చాయి. 1977 నాటి 'దానవీరశూరకర్ణ' మాటలు తిరునాళ్ళలో, టీ అంగళ్ళలో, గుడి మైకుల్లో ఎన్నేళ్ళు మోగాయో లెక్కలేదు. దాన్ని మాటల కోసమే కొన్నారు, నిజమే. కానీ అందులో సుయోధనుడు సుదీర్ఘంగా మాట్లాడుతూ ఊపిరి తీసుకునే ప్రతి సందులోకీ వాద్యాలు వచ్చి కూర్చుంటాయి. మాట మొదలవగానే తగ్గి, ఆగగానే లేస్తాయి. ఆ మాటలు కంఠతా వచ్చినవాడు అప్పజెప్పేటప్పుడు మధ్యలో నోటితో ఆ సంగీతం కూడా వాయించడం మనందరం చూసినదే. ఆ నోటి వాయింపు లేకపోతే అప్పజెప్పినట్టే ఉండదు. మాటకు ఊపిరి ఎక్కడ ఆగాలో అతనికి నేర్పింది సగం ఆ వాద్యాలే కదా? తెలుగువాళ్ళకు నేపథ్య సంగీతం వినే చెవి ఉందా అని ఎవరైనా అడిగితే నేను చూపించే సాక్ష్యం అదే.

ఇప్పటి పరిస్థితి దీనికి తలకిందులు. సెల్‌ఫోను చేతికొచ్చాక ఆ సంగీతాన్ని విడదీసే పని అభిమానులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. సినిమా డిస్కు నుంచి, ఫైలు నుంచి సంగీతాన్ని కోసి బీజీఎం అని పేరుపెట్టి పంచుకుంటున్నారు. ఇక కంపెనీలు వేయడమెందుకు, పని జరిగిపోయిందిగా అనేవాళ్ళున్నారు. ఇక్కడే ఒక చిక్కుంది, దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. సినిమా నుంచి సంగీతాన్ని కోసేవాడు ఎవరూ మాట్లాడని చోటే శుభ్రంగా కోయగలడు. ఎవరూ మాట్లాడని చోట్లు ఏవి? హీరో నడిచి రావడం, సుమోలు గాల్లోకి లేవడం, కత్తులు దూయడం. అక్కడి సంగీతం సహజంగానే హోరు. అమ్మ కొడుకుతో మాట్లాడేటప్పుడు, ఊరు వదిలి పోయేవాళ్ళు వాకిట్లో ఆగినప్పుడు, ఇద్దరు మొహమాటంగా ఏదో అనుకునేటప్పుడు వాయించినదంతా మాటల కింద ఉండిపోయింది. దాన్ని అంత శుభ్రంగా కోయడం కుదరదు, కాబట్టి అది ఎవరి ఫోనులోనూ లేదు. 'ఒక్కడు'నే తీసుకోండి. ఆ సినిమాలో బోలెడంత భాగం హైదరాబాద్ పాతబస్తీ ఇంట్లో, పైగదిలో దాచిపెట్టిన కర్నూలు అమ్మాయి చుట్టూ తిరుగుతుంది. ఆ గదిలో గుసగుసల కింద మణిశర్మ ఏం వాయించాడో చెప్పమంటే ఆయన వీరాభిమాని కూడా తడుముకుంటాడు. రింగుటోను విని మణిశర్మంటే హోరు అని తేల్చుకున్నాం. కోయగలిగినంత మేరకే మనకు తెలిసిన మణిశర్మ అది.

ఈ సంగతి అందరికంటే మాకు, రాయలసీమవాళ్ళకు, ఎక్కువ తగులుతుంది. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. కథ కర్నూలుది, పాటలు మహేష్ అనే సంగీత దర్శకుడివి, నేపథ్య సంగీతం ఒక్కటీ మణిశర్మది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి', మరుసటేడు 'ఒక్కడు'. వరసగా ఏడు ఫ్యాక్షన్ సినిమాలు, ఏడింటికీ పనిచేసిన సంగీత దర్శకుడు ఒక్కడే. కృష్ణాతీరపు మనిషి, వయొలిన్ వాయించే తండ్రికి కొడుకు, కీబోర్డు మీద చెయ్యి తిరిగినవాడు. ఏడేళ్ళలోపే రాయలసీమ ఎలా 'వినిపించాలో' ఆంధ్రదేశమంతటికీ స్థిరపడిపోయింది. ఆ మోతలో ఉన్నవి బ్రాస్ వాద్యాలు, వయొలిన్లు, పెద్ద డ్రమ్ములు, కోరస్. వయొలిన్లని మనం విన్నవాటిలో ఎన్ని వయొలిన్లో, ఎంత కీబోర్డో కూడా ఇప్పుడు చెప్పలేం, ఎందుకంటే విడిగా వినలేం. నాకు వినిపించినంతలో అందులో మా సీమ చప్పుళ్ళు తక్కువ. అనంతపురం ఉరుముల గర్జన, చెక్కభజనలో చెక్కల ఎదురుదెబ్బ, దసరా రాత్రి దేవరగట్టు కొండమీద కర్రలతో పాటు మోగే డప్పులు, కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసులో కవ్వాలీ, వీటిలో ఏదీ ఆ సంగీతంలో గుర్తుపట్టేటట్టు లేదు. ఇది నేరారోపణ అనుకోకండి, ఒక పోలిక చెప్తాను. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' కోసం కొండారెడ్డి బురుజునే హైదరాబాద్‌లో సెట్టు వేశారు. బురుజును సెట్టు వేస్తే కర్నూలు పిల్లవాడు కూడా ఇది అసలుది కాదని కనిపెడతాడు, ఎందుకంటే అసలుది రోజూ కళ్ళెదుట ఉంటుంది. శబ్దాన్ని సెట్టు వేస్తే కనిపెట్టడం అంత తేలిక కాదు. బొమ్మ నుంచి, మాట నుంచి విడదీసి ముందు పెట్టుకుంటే తప్ప ఇందులో మాది ఎంత, మా మీద కట్టింది ఎంత అని లెక్క తేలదు.

సినిమా సంగీతాన్ని సినిమా నుంచి విడదీస్తే ఇంకేం మిగులుతుంది అనే ఆక్షేపణ ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. మంచి రీరికార్డింగ్ చెవికి తెలియకుండా పనిచేయాలి, తెలిసిందంటే చెడిందనే అర్థం అని సినిమా తీసేవాళ్ళే అంటారు. నిజమే అనుకుందాం. తెలియకుండా పనిచేసినదాన్ని ఆ పని అయ్యాక తీరిగ్గా చూడకూడదని ఎక్కడుంది? గోడ కట్టేటప్పుడు పునాది కనపడకూడదు, సరే. మేస్త్రీ కొడుకు పునాది కూడా నేర్చుకోవాలి కదా. మా కడప జిల్లావాడే బి.ఎన్. రెడ్డి 1951లో 'మల్లీశ్వరి' తీశాడు. ఆ పాటలు డెబ్బై ఏళ్ళుగా వింటున్నాం. సాలూరి రాజేశ్వరరావు పేరు అందరూ చెప్తారు, ఆయనతోపాటు ఆ సినిమాకు పనిచేసిన అద్దేపల్లి రామారావు పేరు వందలో ఇద్దరు చెప్తారేమో. 1957 నాటి 'మాయాబజార్'కు ఘంటసాల పేరు చాలు అనుకుంటాం. వాద్యగోష్ఠి తీర్చిన ఎన్.సి. సేన్‌గుప్తా, ఎ. కృష్ణమూర్తి ఎవరని అడిగితే మాయాబజార్ పిచ్చివాళ్ళు కూడా ఆగి ఆలోచిస్తారు. పాట విడిగా బతికింది కాబట్టి పాట చేసినవాళ్ళ పేరు బతికింది. మిగతాది సినిమాలో కలిసిపోయింది కాబట్టి చేసినవాళ్ళూ కలిసిపోయారు. ఇక 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'పుష్పక విమానం' ఉంది. మాట లేదు, పాట లేదు. ఆ సినిమాలో మనం విన్న సంగీతమంతా ఎల్. వైద్యనాథన్ నేపథ్య సంగీతమే. ఆ సినిమాను ఎంత మెచ్చుకున్నామో! అందులో సంగీతం ఎలా ఉందని అడిగితే? బాగుంది అంటాం, అక్కడితో ఆగిపోతాం. ఆగిపోవడానికి కారణం సంగీతంలో లేదు, దాని గురించి మాట్లాడే అలవాటు మనకు పడకపోవడంలో ఉంది.

మాటను దాచుకుని సంగీతాన్ని వదిలేయడం మనకు సినిమాతో వచ్చిన జబ్బు కూడా కాదేమో అని అప్పుడప్పుడూ సందేహం వస్తుంది. అన్నమయ్య ఊరు తాళ్ళపాక ఉమ్మడి కడప జిల్లాలోదే. అన్నమయ్య సంకీర్తనలు 32 వేలని ప్రతీతి, రాగిరేకుల మీద దొరికినవి అందులో సగానికి లోపే. ఆ రేకుల మీద మాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. శతాబ్దాల తరవాత రేకులు బయటపడితే సాహిత్యాన్ని పండితులు చదివి అచ్చువేశారు. బాణీ ఎవరికీ తెలియదు. 1950 ప్రాంతంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కూర్చుని కొన్నిటికి మళ్ళీ స్వరాలు కట్టాల్సివచ్చింది. ఆయనా అనంతపురం జిల్లావాడే, ఆయన కట్టినవి గొప్పగా ఉన్నాయి, కానీ అన్నమయ్య ఏ బాణీలో పాడాడో మనకు ఎప్పటికీ తెలియదు. సుమోలు పేలే సంగీతానికీ అన్నమయ్యకూ పోలికేమిటని కోప్పడేవాళ్ళుంటారు. విలువలో పోలిక తేవడం లేదు. రాగికి అంత ఖర్చుపెట్టి మాట చెక్కించిన కాలానికి స్వరం చెక్కించాలని తోచలేదు. వేలకొద్దీ క్యాసెట్లు వేసిన కాలానికి వాద్యం వేయాలని తోచలేదు. అదే కడపలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1820లో ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేయించి ప్రతులు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. వేమన గొప్పవాడా కాదా అని మనం పోట్లాడుకున్నదంతా ఆ తరవాతే. ముందు గొప్పదని తేలితే సేకరిద్దాం అనుకుని ఉంటే బ్రౌన్ ఒక్క తాటాకు కూడా కట్ట విప్పేవాడు కాదు.

ఇక ఆ నేపథ్య సంగీతపు టేపులే లేవు, ఇప్పుడు చేసేదేముందనే మాట. కొంతవరకు నిజం. కడప జిల్లా పొట్టిపాడు నుంచి పోయిన బి. నాగిరెడ్డి నడిపిన విజయా వాహినీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద స్టూడియో అనిపించుకుంది. చెన్నై వడపళనిలో ఆ చోట ఇప్పుడు ఆసుపత్రి, కల్యాణ మంటపాలు, 2013లో తెరిచిన మాలు ఉన్నాయి. ముప్పై నలభై మంది వాద్యకారులు కూర్చుని తెరను చూస్తూ వాయించిన టేపులు ఎటుపోయాయో ఎవరిని అడగాలి? అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. సినిమాను ఇంకో భాషలోకి డబ్ చేయాలంటే మామూలుగా మాటలు తీసేసి సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాకు కావాలి. మన ఫ్యాక్షన్ సినిమాలు చాలా హిందీలోకి డబ్ అయ్యాయి, టీవీలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ డబ్బింగ్ జరిగిందంటే మాటల కింది సంగీతం కొన్నిటికైనా ఒకప్పుడు మాటల నుంచి విడిగా ఉండి ఉండాలి. ఎవరి బీరువాలోనో, ఏ హార్డ్‌డిస్కులోనో ఇంకా ఉండే అవకాశం ఉంది. అదీ లేకపోతే? అమెరికాలో ఎం.జి.ఎం. స్టూడియో తన సంగీతపు కాగితాలను చెత్తగుంతకు పంపేసింది. తరవాత జాన్ విల్సన్ అనే బ్రిటిష్ కండక్టర్ ఆ సినిమాల శబ్దాన్ని పదేపదే విని, ఒక్కో వాద్యం వేరుచేసి, మళ్ళీ కాగితం మీద రాసి, ఆర్కెస్ట్రాతో వాయించి చూపించాడు. చెవి ఉన్న మనిషి, ఓపిక, కొంచెం డబ్బు ఉంటే అదీ జరుగుతుంది.

ఈ మధ్య గాలి కొంచెం మారింది కూడా. 2009 సినిమాల నుంచి జాతీయ అవార్డుల్లో పాటలకూ నేపథ్య సంగీతానికీ విడివిడిగా బహుమతి ఇస్తున్నారు. 2021 సంవత్సరానికి ఆ రెండూ తెలుగువాళ్ళకే వచ్చాయి: పాటలకు 'పుష్ప' దేవిశ్రీప్రసాద్‌కు, నేపథ్యానికి 'ఆర్ఆర్ఆర్' కీరవాణికి. 'బాహుబలి' నేపథ్య సంగీతాన్ని సంపుటాలుగా విడిగా విడుదల చేశారు. 2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో తెరమీద 'బాహుబలి' నడుస్తుంటే కింద ఆర్కెస్ట్రా ఆ సంగీతాన్ని అప్పటికప్పుడు వాయించింది. 1871లో తెరిచిన ఆ హాలులో ఇంగ్లిషేతర సినిమాకు అలా జరగడం అదే మొదలని పత్రికలు రాశాయి. సంతోషమే. కానీ 'బాహుబలి'లోని మాహిష్మతి ఊహల్లో కట్టిన ఊరు. దాని సంగీతానికి సంపుటాలున్నాయి, నిజంగా ఉన్న కర్నూలు మీద వాయించిన సంగీతానికి ఒక్క డిస్కూ చేతికి రాదంటే ఎక్కడో మింగుడుపడదు.

చివరి ఆక్షేపణ మావాళ్ళదే. ఆ ఫ్యాక్షన్ సినిమాలు మమ్మల్ని కత్తులు పట్టుకున్న జాతిగా దేశమంతా చూపించాయి, పిల్లలు హైదరాబాద్‌లో అద్దెకు ఇల్లు అడిగితే ఊరు పేరు విని వెనకాడే రోజులు తెచ్చాయి, ఆ మోతను మళ్ళీ డిస్కులు వేసి పూజించమంటారా అని. పూజించమని అనడం లేదు. మన మీద రాసిన అబద్ధపు చరిత్ర పుస్తకమైనా సరే, లైబ్రరీలో ఉండాలనే కోరుకుంటాం, లేకపోతే దానికి జవాబు రాసేదెట్లా? పైగా ఆ సంగీతమంతా అబద్ధమేనా అన్నదీ నాకు తేలని సందేహం. మాటల కింద వాయించిన సగం మనం ఇంకా విననే లేదు. ఆ నెమ్మది సంగీతంలో ఈ ఎండిన నేల మీద జాలి ఉందేమో, ఎవరికి తెలుసు? 2018లో 'అరవింద సమేత' వచ్చినప్పుడు తమన్ సంగీతంలో పెంచల్ దాస్ గొంతుతో సీమ యాసలో ఏడుపు వినిపించింది. ఫ్యాక్షన్ సినిమాలో చావు చప్పుడు కాకుండా చావు దుఃఖం వినిపించిందని చాలామంది చలించారు. దానికి మాట ఉంది, పాటగా లెక్కలోకొచ్చింది, ఆల్బంలో చేరింది. అంతకుముందు ఇరవై ఏళ్ళలో మాట లేకుండా ఎవరైనా అలా ఏడ్చి ఉంటే దానికి ఆధారం మన దగ్గర లేదు.

కాబట్టి ఆ పాత సినిమాల హక్కులున్న నిర్మాతలకు, ఆడియో కంపెనీలకు విన్నపం: అభిమానుల కోసం సినిమా మళ్ళీ విడుదల చేసేటప్పుడు, మాటలు లేని ట్రాకు మీ దగ్గర మిగిలి ఉంటే, పాటలతో పాటు దాన్నీ వేయండి, వాయించినవాళ్ళ పేర్లు దొరికినంత మేరకు అచ్చువేయండి. రెండువేల కాపీలు పోతాయా అని భయపడితే అయిదొందలు వేయండి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఆయన పేర కడపలో గ్రంథాలయం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయమూ కడపలోనే ఉంది. తాటాకులకు చోటిచ్చిన ఆ గ్రంథాలయంలో శబ్దానికి ఒక బీరువా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ఆ సినిమాలకు వాయించిన వాద్యకారుల్లో ఎందరో చెన్నైలో, హైదరాబాద్‌లో ఇంకా మన మధ్య ఉన్నారు. వెళ్ళి అడగాల్సినవాళ్ళు ఈ రెండు మూడేళ్ళలోనే వెళ్ళి అడగండి.